స్టాండర్డ్ హెరాల్డ్ బాడీ పార్ట్స్: ఏ మార్క్‌ది ఏ మార్క్‌కి పడుతుంది? తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో పాత బండ్ల పిచ్చి ఉన్న మన తెలుగువాళ్ళు తక్కువేం లేరు. అందులో స్టాండర్డ్ కంపెనీ పాత కారు హెరాల్డ్ ఉన్నవాళ్ళు ముందు అడిగేది ఇంజన్ గురించి కాదు, "పుదుపేటలో (చెన్నైలో పాత బండ్ల పార్ట్స్ అమ్మే చోటు) బానెట్ ఒకటి దొరికింది, నా బండికి పడుతుందా" అనే. మార్క్ అంటే అదే కారులో ఒకదాని తర్వాత ఒకటి వచ్చిన వెర్షన్లు. దాంతో పాటు తరచూ వచ్చే మిగతా ప్రశ్నలు కూడా ఇక్కడ ఒకచోట పెడుతున్నా.

హెరాల్డ్‌కే ఈ పార్ట్స్ మార్పిడి గోల ఎందుకు ఇంత ఎక్కువ?

బండి పుట్టుకే అలాంటిది. అంబాసిడర్ మోనోకాక్, అంటే బాడీయే బండి, విడిగా ఛాసీ ఉండదు. హెరాల్డ్‌కి కింద ఛాసీ వేరు, పైన బాడీ వేరు, ఆ బాడీ కూడా ఒకే ముక్క కాదు. బానెట్, ముందు బల్క్‌హెడ్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ), వెనక టబ్ (వెనక సీటు వైపు బాడీ ముక్క), రూఫ్, డోర్లు, డిక్కీ మూత, సిల్స్ (డోర్ల కింది పట్టీలు), వెనక వాలెన్స్ (బంపర్ దగ్గర కింది పలక) ఇవన్నీ బోల్టులతో కలిపినవే. మన స్టాండర్డ్ హెరాల్డ్‌కి మూలమైన ట్రయంఫ్ హెరాల్డ్ బ్రిటన్‌లో 1959లో వచ్చింది, గీసింది ఇటలీ డిజైనర్ జోవాన్ని మిచెలోట్టి. అప్పటికి అందరూ మోనోకాక్ వైపు వెళ్తుంటే వీళ్ళెందుకు ఛాసీ దగ్గరే ఆగిపోయారంటే, స్టాండర్డ్ ట్రయంఫ్‌కి బాడీలు చేసిచ్చే ఫిషర్ అండ్ లడ్లో కంపెనీని 1953లో పోటీ కంపెనీ బీఎంసీ కొనేసింది. ఇక మొత్తం బాడీ ఒకచోట చేయించుకునే దారి లేక ముక్కలు ముక్కలుగా తలా ఒకచోట చేయించి బోల్టులతో బిగించేలా డిజైన్ చేసుకున్నారు. అలా ముక్కలుగా ఉండటం వల్ల విదేశాలకి పంపి అక్కడ బిగించుకోవడం కూడా తేలికైంది, మన మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వాళ్ళు 1961 నుంచి దీన్ని తయారు చేసింది అలాగే.

కాబట్టి స్పానర్ ఉంటే చాలు ఏ ముక్కైనా ఊడొస్తుంది, ఏ ముక్కైనా బిగుస్తుంది. అసలు తలనొప్పి మొదలయ్యేది కూడా అక్కడే. బిగుసుకోవడం వేరు, కుదరడం వేరు.

నా బండి మార్క్ 1, 2, 3లో ఏదో ఎలా తెలుసుకోవాలి?

డోర్లు లెక్కపెట్టండి, సగం జవాబు అక్కడే ఉంది. మొదట్లో వచ్చినవి రెండు డోర్లవి, 948 సీసీ ఇంజన్. 1968లో వచ్చిన మార్క్ 3 నాలుగు డోర్ల సెలూన్ (గట్టి రూఫ్ ఉన్న కారు), బ్రిటన్ వాళ్ళ 13/60 మోడల్‌ని ఆధారం చేసుకుని ఇక్కడ మన మార్కెట్ కోసమే చేసింది, నాలుగు డోర్ల హెరాల్డ్ బ్రిటన్‌లో లేనే లేదు. అక్కడ 13/60కి 1296 సీసీ ఇంజన్ పెట్టారు, మనకి మాత్రం అదే 948తో సరిపెట్టారు.

ఆర్‌సీలో ఉన్న సంవత్సరం చూసి మార్క్ తేల్చేయకండి. ఈ బండ్లు అరవై ఏళ్ళుగా చేతులు మారుతూ వచ్చాయి. ఎప్పుడో ఎనభైల్లో ముందు గుద్దుకుంటే అప్పుడు ఏ బానెట్ దొరికితే అది పెట్టేసి ఉంటారు, ఇప్పుడు మీరు ఒరిజినల్ అనుకుంటున్నది నిజానికి మూడో బానెట్ కావచ్చు. బానెట్ ఎత్తి లోపలి వైపు, బోల్టుల చుట్టూ, సీల్ రబ్బర్ కింద గోకి చూడండి, పాత రంగు పొరలు బయటపడతాయి. బల్క్‌హెడ్ మీద ఉన్న అడుగు రంగు, బానెట్ లోపలి అడుగు రంగు ఒకటి కాకపోతే ఆ బానెట్ వేరే బండిది.

కొత్త మార్క్ బానెట్ పాత బండికి పడుతుందా?

హెరాల్డ్ బానెట్ అంటే మామూలు మూత కాదు, ముందు మడ్‌గార్డ్‌లు, ముక్కు, హెడ్‌లైట్లు అన్నీ కలిపి ముందుకి వాలే ఒకే పెద్ద ముక్క. ఎత్తితే ఇంజన్ మొత్తం బయట పడుతుంది, మెకానిక్ ముందు టైరు మీదే కూర్చుని పని చేసుకోవచ్చు, ఆ సుఖం వేరే బండిలో లేదు.

బ్రిటన్‌లో 1967లో 13/60 వచ్చినప్పుడు ముక్కు ఆకారం మారింది కానీ ముందు హింజ్ దగ్గర, వెనక బల్క్‌హెడ్ దగ్గర కూర్చునే పద్ధతి మారలేదు. అందుకే అక్కడివాళ్ళు పాత హెరాల్డ్‌కి 13/60 బానెట్, 13/60కి విటెస్ (హెరాల్డ్‌కి చుట్టమైన ఇంకో ట్రయంఫ్ కారు) బానెట్ పెట్టుకోవడం మామూలే. మన దగ్గర కూడా మొత్తం అసెంబ్లీ మొత్తంగా మారుస్తే పని అవుతుంది. కానీ ఒక్క బానెట్ కొని వచ్చేయకండి, దానితో పాటు గ్రిల్, ముందు బంపర్, బంపర్ బ్రాకెట్లు, సైడు లైట్లు, ఇండికేటర్లు, వీలైతే హింజ్ ట్యూబులు కూడా అదే బండివి తెచ్చుకోండి, ఎందుకంటే ముక్కు మారితే బంపర్ కూర్చునే తీరు మారుతుంది, ఆ తర్వాత ఒక్క బంపర్ కోసం ఊరంతా తిరగాలి.

ఇంకో పని మాత్రం అస్సలు చేయకండి. ఒక బానెట్ నుంచి ఎడమ మడ్‌గార్డ్, ఇంకోదాన్నుంచి ముక్కు, మీ పాతదాన్నుంచి నడిమి పలక తీసి కలపడం. కాగితం మీద అది కుదిరే పనే, ఎందుకంటే ఆ ముక్కలు కూడా అతుకు దగ్గర విడివడేవే, అతుకు మీద మెరిసే పట్టీ కప్పి ఉంటుంది. కానీ ఒక్కో బానెట్ ఇన్నేళ్ళలో ఒక్కో రకంగా వంగి ఉంటుంది. మూడు వంకరలు కలిపితే హెడ్‌లైట్లు రెండు దిక్కులు చూస్తాయి, ఆ తప్పుని పట్టీతో కప్పలేరు, పుట్టీతోనూ కప్పలేరు.

డోర్లు?

రెండు డోర్ల బండి డోరు పొడవు, నాలుగు డోర్ల బండి ముందు డోరు పొట్టి. వాటి మధ్య మార్పిడి మాటే లేదు, పుదుపేటలో ఎవరైనా "ఎల్లాం ఒణ్ణుదాన్ సార్" (అన్నీ ఒకటే సార్) అంటే నవ్వి పక్క షాపుకి నడవండి.

రెండు డోర్ల బండి నుంచి రెండు డోర్ల బండికి అయితే పడుతుంది. ఇక్కడే అందరూ ఇరుక్కునేది, డోరు తెచ్చి హింజ్ బోల్టులు బిగించాక పైన గ్యాప్ వేలు దూరేంత, కింద కాగితం దూరనంత ఉంటుంది, వెంటనే టింకర్ సుత్తి తీస్తాడు, డోరు మూలని కొట్టడం మొదలెడతాడు. ఆపండి. తప్పు డోరులో లేదు, చాలాసార్లు బాడీ ఛాసీ మీద కూర్చున్న తీరులో ఉంటుంది. బల్క్‌హెడ్ ఒక ముక్క, వెనక టబ్ ఇంకో ముక్క, రెండూ డోరు కింద కలుస్తాయి, ఒక్కో మౌంటింగ్ దగ్గర ఛాసీకీ బాడీకీ మధ్య ప్యాకింగ్ ముక్కలు ఉంటాయి. ఫ్యాక్టరీలో గ్యాప్ సెట్ చేసింది ఆ ప్యాకింగ్‌లతోనే. బల్క్‌హెడ్ ముందు మౌంటింగ్ కింద ఒక పలుచటి ప్యాకింగ్ ఎక్కిస్తే బల్క్‌హెడ్ కాస్త వెనక్కి వాలుతుంది, దాంతో హింజ్ ఉన్న పిల్లర్ పైభాగం వెనక్కి జరిగి డోరు పైగ్యాప్ మూసుకుంటుంది. తీసేస్తే తెరుచుకుంటుంది. కింద మిల్లీమీటరు కదిపితే పైన కంటికి కనపడేంత తేడా వస్తుంది.

కాబట్టి వరస ఇది: ముందు ఛాసీ వంకర లేకుండా ఉందో లేదో చూడాలి, మూల నుంచి మూలకి రెండు వైపులా దారం పట్టి కొలిస్తే తేలిపోతుంది. తర్వాత బండిని నాలుగు చక్రాల మీద నిలబెట్టి, జాక్ మీద కాదు, మౌంటింగ్ రబ్బర్లు కొత్తవి వేసి ప్యాకింగ్ సరిచేయాలి. ఆ తర్వాత హింజ్, అన్నిటికంటే చివర లాక్ పట్టుకునే స్ట్రైకర్ ప్లేటు. మన దగ్గర చాలా షెడ్లలో ఈ వరస తిరగబడుతుంది, స్ట్రైకర్‌తో మొదలుపెట్టి సుత్తితో ముగిస్తారు. టింకర్ అన్నకి ముందే చెప్పేయండి, "అన్నా, గ్యాప్ సెట్ అయ్యేదాకా సుత్తి వద్దు" అని. కొత్తలో కాస్త మొహం మాడ్చుకుంటాడు, ఒకసారి ప్యాకింగ్ తీసి గ్యాప్ ఎలా మారుతుందో కళ్ళముందు చూపిస్తే తనే ఆసక్తిగా చేస్తాడు.

బాడీని ఛాసీ మీద నుంచి పూర్తిగా ఎత్తాల్సి వస్తే డోరు కంతకి అడ్డంగా ఒక యాంగిల్ ముక్క బిగించాకే ఎత్తండి. లేకపోతే టబ్ మధ్యలో వంగిపోతుంది, ఇక ఏ సంవత్సరం డోరు తెచ్చినా ఆ కంతకి పట్టదు.

డిక్కీ మూత, సిల్స్, వాలెన్స్?

రెండు డోర్ల బండ్ల మధ్య వీటితో పెద్దగా పేచీ ఉండదు. సిల్స్ హెరాల్డ్‌లో బరువు మోసేవి కావు, బరువంతా ఛాసీదే, అందుకని తుప్పు పట్టిన సిల్ చూసి భయపడక్కర్లేదు, విప్పి కొత్తది చేయించి బిగించేయొచ్చు. కానీ సిల్ విప్పినప్పుడు వెనకాల కనిపించే ఛాసీ ఔట్‌రిగ్గర్‌లని (ఛాసీ నుంచి పక్కకి చాచి ఉండే ఇనప చేతులు) స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, తుప్పు అక్కడిదాకా వెళ్ళిందంటే బాడీ పార్ట్ వేట ఆపి ముందు అది చేయించండి.

వెనక వైపు కటింగ్, వెల్డింగ్ ఏదైనా ఉంటే పెట్రోల్ ట్యాంకు డిక్కీలోనే ఉంటుందని మర్చిపోకండి. విప్పి బయట, దూరంగా పెట్టాకే వెల్డర్‌ని పిలవండి. "తడి గోనె కప్పేస్తాం సార్, ఏం కాదు" అనే షెడ్డులో బండి వదలకండి.

బోల్టులు మార్కెట్‌లో దొరికే మామూలువి వాడొచ్చా?

ఈ ప్రశ్న ఎక్కువమంది అడగరు, కానీ బండ్లు ఎక్కువ పాడయ్యేది దీనివల్లే. హెరాల్డ్ బోల్టులు మెట్రిక్ కావు, అంగుళాల కొలత, ఎక్కువ భాగం యూఎన్ఎఫ్ (అంగుళాల కొలతలో సన్న చుట్ల) మర. 5/16 యూఎన్ఎఫ్ బోల్టుకి వ్యాసం 7.94 మిల్లీమీటర్లు, మన హార్డ్‌వేర్ షాపులో ఇచ్చే ఎం8కి 8. చూడటానికి రెండూ ఒకటే. మర మాత్రం వేరు, యూఎన్ఎఫ్‌కి అంగుళానికి 24 చుట్లు, అంటే ఒక్కో చుట్టు దాదాపు 1.06 మిల్లీమీటర్లు, ఎం8కి 1.25. అందుకే ఎం8 బోల్టు పాత నట్టులోకి ఒకటి రెండు చుట్లు హాయిగా ఎక్కుతుంది, తర్వాత బిగుస్తుంది, కుర్రాడు "గట్టిగా పట్టింది సార్" అని సంతోషంగా ఇంకో తిప్పు తిప్పుతాడు, లోపల మర మొత్తం గీరుకుపోతుంది. అది బాడీలో ఇరుక్కున్న నట్టు అయితే ఇక కోసి తీయాల్సిందే.

జీపీ రోడ్డు, పుదుపేట చుట్టుపక్కల అడిగితే యూఎన్ఎఫ్ బోల్టులు దొరుకుతాయి. 5/16 బోల్టుకి అరంగుళం ఏఎఫ్ (బోల్టు తల ఎదురెదురు అంచుల మధ్య కొలత) స్పానర్ పడుతుంది. విప్పేటప్పుడే ఒక్కో ప్యానెల్ బోల్టులు ఒక్కో కవర్లో వేసి పేరు రాసి పెట్టుకోండి, ప్యాకింగ్ ముక్కలు ఎక్కడివి ఎన్ని వచ్చాయో అది కూడా ఆ కవర్ మీదే రాయండి.

పుదుపేటలో కొనేటప్పుడు ఏం చూడాలి?

అయస్కాంతం జేబులో పెట్టుకెళ్ళండి, పలుచటి బట్ట చుట్టి ప్యానెల్ మీద జరుపుతూ పోతే పుట్టీ మందంగా ఉన్నచోట పట్టు వదిలేస్తుంది. అంచుల మడత దగ్గర, డోరు అడుగున నీళ్ళు పోయే కన్నాల దగ్గర, బానెట్‌లో హెడ్‌లైట్ వెనక బుట్ట దగ్గర తుప్పు ముందు మొదలవుతుంది. బెసంట్ నగర్, ఈసీఆర్ వైపు సముద్రపు గాలికి పెరిగిన బండి ముక్కలు పైకి బాగానే కనిపిస్తాయి, లోపలి వైపు చేత్తో రుద్దితే పొట్టు రాలుతుంది. 2015 డిసెంబర్ వరదల్లో మునిగిన బండ్ల పార్ట్స్ కూడా చాలానే తిరిగాయి, డోరు లోపల ఎండిన ఒండ్రు గీత ఉందేమో టార్చ్ వేసి చూడండి.

రేటు గురించి ఒక్క మాట. బండి పేరు చెప్పి అడిగితే రేటు పెరుగుతుంది, అక్కడికి వింటేజ్ పిచ్చోళ్ళు వస్తారని వాళ్ళకీ తెలుసు. జత డోర్లు ఒకే బండివి దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా రెండూ కలిపి తీసుకోండి.

స్టాండర్డ్ గెజెల్ పార్ట్స్ హెరాల్డ్‌కి పడతాయా?

1970ల మొదట్లో వచ్చిన గెజెల్ ఇదే వంశం, ఇదే 948 ఇంజన్. కానీ హెరాల్డ్ వెనక స్వింగ్ యాక్సిల్ (రెండు వెనక చక్రాలూ విడివిడిగా కదిలే ఏర్పాటు) మన డ్రైవర్లకి, మెకానిక్‌లకి నచ్చలేదని గెజెల్‌కి లైవ్ యాక్సిల్ (రెండు చక్రాల్నీ కలిపే ఒకే గట్టి ఇరుసు) వేశారు. ఆకారమూ మార్చారు. నా ఉద్దేశం అడిగితే లోపలి చిల్లర సామాను తప్ప పెద్ద ప్యానెల్స్ జోలికి వెళ్ళకండి. ఇప్పుడు గెజెల్ దొరకడమే గగనం, ఉన్న ఒక్కదాన్ని ముక్కలు చేసి హెరాల్డ్‌కి తగిలించడం పాపం కూడా.

బానెట్ మారిస్తే వైరింగ్ మార్చాలా?

హెడ్‌లైట్లు ఏడంగుళాల గుండ్రటివే, కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. ఇండికేటర్, పార్కింగ్ లైటు ఎర్త్ వైర్లు చూసుకోండి, కొత్తగా రంగు వేసిన బానెట్‌కి ఎర్త్ అందక లైట్లు మసకగా వెలగడం సర్వసాధారణం, ఒక వైరు విడిగా ఛాసీకి లాగితే సరి. పాత బండ్లలో పాజిటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ ప్లస్ టెర్మినల్ బాడీకి కలిపి, ఉండొచ్చు. బల్బులకి అది పట్టదు గానీ కొత్త రేడియో, ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ లాంటివి తగిలించే ముందు బ్యాటరీలో ఏ టెర్మినల్ బాడీకి వెళ్తుందో చూడండి, లేకపోతే అక్కడికక్కడే కాలిపోతాయి.

రంగు ముందా, బిగించడం ముందా?

బిగించడం ముందు. రంగు లేకుండా మొత్తం ఒకసారి బిగించి, గ్యాప్‌లు చూసి, బండిని వీధిలో ఒక చుట్టు తిప్పి తెచ్చి మళ్ళీ గ్యాప్‌లు చూసి, అప్పుడు విప్పి రంగుకి పంపాలి. పెయింటర్‌కి ఇది నచ్చదు, డబుల్ పని అంటాడు, నిజమే, కానీ రంగు వేశాక డోరు అంచు రాసుకుంటే ఇంకో డబుల్ పని.

వేరే బండి నుంచి వచ్చిన ప్యానెల్ మీద ఏ రంగు ఉందో తెలియకుండా దాని మీదే కొట్టించకండి. పాత సింథటిక్ ఎనామెల్ మీద ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగు కొడితే థిన్నర్ దెబ్బకి కింది పొర ముడతలు పడి లేచిపోతుంది. రేకు దాకా తీసి, ఎపాక్సీ ప్రైమర్ వేసి మొదలుపెట్టడమే మంచిది, ముఖ్యంగా చెన్నై గాలికి.

ఆర్‌టీఓ దగ్గర సమస్య వస్తుందా?

అదే మోడల్ డోరు తీసి డోరు, సిల్ తీసి సిల్ పెడితే అది రిపేరు. రంగు మారిస్తే మాత్రం ఆర్‌సీలో ఎక్కించాలి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా బండిని మార్చకూడదు, 2019లో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. "రూఫ్ బోల్టులతోనే ఉంది కదా, విప్పేసి కన్వర్టిబుల్ చేసుకుంటా" అనేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి. పని సాధ్యమే, కాగితాల్లో మాత్రం మీది సెలూన్. ఛాసీ నంబర్ ప్లేటు ఉన్న ప్యానెల్ మార్చాల్సి వస్తే ప్లేటు పీకి కొత్తదానికి రివెట్ కొట్టేయకండి, ముందు ఫోటోలు తీసుకుని ఆర్‌టీఓలో అడిగి కాగితం మీద పెట్టించుకున్నాకే ముట్టుకోండి.

వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలనుకునేవాళ్ళకి ఇంకా జాగ్రత్త కావాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన బండి, ఒరిజినల్ రూపంలో ఉండాలి, ఛాసీ, బాడీ షెల్, ఇంజన్‌లో పెద్ద మార్పులు ఉండకూడదు. ఫీజు 20,000 రూపాయలు, పదేళ్ళ చెల్లుబాటు, ఆ తర్వాత రెన్యువల్‌కి 5,000. నంబర్‌లో వీఏ అనే అక్షరాలు వస్తాయి. ఆ నంబర్‌తో రోజూ ఆఫీసుకి తిరగకూడదు, ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోల్‌కి, మెయింటెనెన్స్‌కి మాత్రమే. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చే కమిటీ ముందు 1962 బండికి 1968 ముక్కు పెట్టి నిలబడటం నేనైతే చేయను. అందుకే పీకిన పాత బానెట్ ఎంత సొట్టలు పడినా పాత ఇనుముకి వేయకండి, ఆయిల్ రాసి అటక మీద పడేయండి.

నాది హెరాల్డ్ కాదు, అంబాసిడర్ / పద్మిని. ఇవే వర్తిస్తాయా?

అయస్కాంతం, రంగు, ఆర్‌టీఓ సంగతులు వర్తిస్తాయి, ప్యాకింగ్‌తో గ్యాప్ సెట్ చేసే విద్య వర్తించదు. అంబాసిడర్ 1950ల చివరి నుంచి 2014 దాకా ఉత్తరపరా ఫ్యాక్టరీలో వచ్చింది, పైకి ఒకే బండిలా కనిపించినా మార్క్ మార్క్‌కీ గ్రిల్, ముందు లైట్లు మారాయి, కాబట్టి గ్రిల్ ఒక్కటే కొని పెట్టేద్దాం అనుకోకుండా దాని చుట్టూ ఉన్న ముందు ప్యానెల్‌తో సరిపోల్చుకోండి. ఫియట్ 1100 డిలైట్‌కీ పద్మినికీ డొక్క దాదాపు ఒకటే, 1964 నుంచి అదే ఆకారం నడిచింది, డోర్లు, డిక్కీ మూతలు చాలావరకు అటూ ఇటూ పనికొస్తాయి, హ్యాండిళ్ళు, గ్రిల్, లైట్లు చూసుకుంటే చాలు. దానికి ముందు వచ్చిన, డుక్కర్ అనే ముద్దుపేరున్న పాత ఫియట్ డోర్లు మాత్రం పనికిరావు, వాటి ముందు డోరు హింజ్ మధ్య పిల్లర్ మీద ఉంటుంది, డోరు వెనక్కి తెరుచుకుంటుంది.

వేరే బండి డోరు వేశాక రెండు తాళంచెవులు మోయాలా?

అక్కర్లేదు. పాత డోరులోంచి హ్యాండిల్‌తో సహా లాక్ బ్యారెల్ విప్పి కొత్త డోరుకి మార్చేయండి, రంగుకి పంపే ముందే ఈ పని అయిపోవాలి, ఎందుకంటే కొన్నిసార్లు హ్యాండిల్ కన్నం కాస్త ఫైల్‌తో అరగదీయాల్సి వస్తుంది. బ్యారెల్ బిగుసుకుపోయి ఉంటే సుత్తితో తట్టకండి, డీజిల్‌లో ఒక రాత్రి నానబెడితే వదులవుతుంది.